యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల్లో దైవభావన ఎలా మారింది?

మూడు మతాలూ అబ్రాహాము దేవుణ్ణే ఆరాధిస్తున్నప్పుడు వాటి దైవభావనలు ఎందుకు వేరయ్యాయన్న ప్రశ్నకు జవాబు యూదు మతం లోపలే మొదలవుతుంది. వేల్పులలో యెహోవాకు సాటి ఎవరని యూదుల పవిత్ర గ్రంథమైన హెబ్రీ బైబిల్‌లోని నిర్గమకాండంలో ఒక పాట అడుగుతుంది. ఇతర దేవతలు ఉన్నారన్న ఊహ అప్పటికింకా పూర్తిగా పోలేదని చాలామంది పండితులు భావిస్తారు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బాబిలోనియా సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చి ప్రజలను చెరపట్టుకుపోయినప్పుడు, ఓడిపోయింది తమ దేవుడేనని వారు అనుకొని ఉండవచ్చు. కానీ యెషయా గ్రంథంలో 40వ అధ్యాయం నుంచి వచ్చే భాగం అందుకు భిన్నంగా, పారసీక రాజు కోరెషును నడిపించేది కూడా యెహోవాయేనని, ఆయన తప్ప మరో దేవుడే లేడని ప్రకటించింది. ఓటమి నుంచి ఇంత విశాలమైన భావన వెలువడడం, నా దృష్టిలో, ఈ చరిత్ర మొత్తంలోనే అత్యంత ఆశ్చర్యకరమైన ఘట్టం.

క్రైస్తవులు ఆ ఏకత్వాన్ని వదలకుండానే యేసును దైవంగా కొలిచారు. ఈ రెండింటినీ పొసగించే క్రమంలో, కుమారుడైన యేసు సృష్టింపబడినవాడన్న క్రైస్తవ మతాచార్యుడు ఏరియస్ వాదాన్ని 325లో బిషప్పుల నైసియా సభ తిరస్కరించి, ఆయన తండ్రితో ఏకతత్త్వం గలవాడని నిర్ణయించింది. తండ్రి, కుమారులతో పాటు త్రిత్వంలో మూడో వ్యక్తి అయిన పరిశుద్ధాత్మ గురించిన విశ్వాసం 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభలో స్థిరపడింది.

7వ శతాబ్దపు ఖురాన్ యేసును ప్రవక్తగా గౌరవిస్తూనే, దేవుడు ఎవరినీ కనలేదని, ఎవరికీ పుట్టలేదని 112వ సూరా (అధ్యాయం)లో స్పష్టం చేసింది. అయినా చర్చ ఆగలేదు: దేవుని గుణాలు ఆయన సారం నుంచి వేరా, ఖురాన్ సృష్టమా, అనాదియా అన్న ప్రశ్నలపై హేతువుకు పెద్దపీట వేసిన ఇస్లామీయ పండితులైన ముతజిలీలు, వారి ప్రత్యర్థులు తీవ్రంగా వాదించుకున్నారు. దేవుడు ఏమి కాడో చెప్పగలమే తప్ప ఏమిటో చెప్పలేమని 12వ శతాబ్దంలో వాదించిన యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కూడా అరబిక్‌లోనే రాస్తూ, ఈ ఇస్లామీయ చర్చలతోనే తలపడ్డాడు.