గూగుల్‌లో మన కొట్టు కనబడాలంటే

ప్రశ్న: బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు, మామగారి కాలం నాటిది. మా అబ్బాయి స్నేహితుడు ఈమధ్య వెబ్‌సైట్ చేసిపెట్టాడు. కొట్టు పేరు కొడితే వస్తోంది గానీ, ‘పట్టుచీరలు’ అని కొడితే గూగుల్‌లో ఎక్కడా కనబడం. ‘15 రోజుల్లో మొదటి పేజీకి తెస్తాం, 20,000 కట్టండి’ అని ఒకాయన ఒకటే ఫోన్లు. కట్టమంటారా అన్నగారూ?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కట్టకండమ్మా. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బు కట్టి పైన కనబడేది ప్రకటన ఒక్కటే, దాని మీద ‘స్పాన్సర్డ్’ అని రాసే ఉంటుంది. ఇలాంటివాళ్లలో చాలామంది చేసే పని ఊరూపేరూ లేని సైట్ల నుంచి మీ సైటుకు లింకులు కొనిపెట్టడం. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఉన్న చోటు కూడా పోతుంది.

పేరు కొడితే వస్తోందంటే మీ సైటు గూగుల్‌కు తెలుసన్నమాటే. అందులో ఏముందో తెలియకపోవడమే చిక్కు. మీరు పంపిన అడ్రసు తెరిచి చూశాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి, కానీ మాటల్లేవు! ప్రతి చీర కిందా ‘డిజైన్ 14’, ‘డిజైన్ 15’ అని ఉంది. అలా వెతికేవాళ్లెవరు? పేజీ టైటిల్ చూస్తే ‘హోమ్’. ధరలూ వివరాలూ డీటీపీ వాళ్లు చేసిన కరపత్రం ఫొటోలో ఇరుక్కున్నాయి. మీ కొట్టు చరిత్ర చెప్పే పేజీ మరీ అన్యాయం. అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే పాత తరహా తెలుగు అక్షరాల్లో) కొట్టింది తెచ్చి అలాగే అతికించారు, నా ఫోన్లో అన్నీ పిచ్చి గీతలే. ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో మళ్లీ టైపు చేయించండి.

ఇక ఏం రాయాలంటారా? గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు జనం మిమ్మల్ని అడిగేవే రాయండి. జరీ అసలుదా? జాకెట్టు గుడ్డ కలిసి వస్తుందా? పెళ్లికొడుకు కట్టుకునే పట్టు జోడా ఉందా? ఇంట్లో ఉతకొచ్చా? గూగుల్‌లో కొట్టేదీ ఇవే. ఒక్కో రకానికి ఒక్కో పేజీ పెట్టి, టైటిల్‌లో ‘ఫోడా కుంభ అంచు బరంపురం పట్టుచీర’ అని సరుకు పేరు స్పష్టంగా ఇవ్వండి. దీనికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, ఆ మాటా చేర్చండి.

ఊరి పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. మనం బరంపురం అంటాం, ఇంగ్లీషులో బెర్హంపూర్, సర్కారు రికార్డుల్లో బ్రహ్మపుర్. పైగా పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఒక బహరంపూర్ ఉంది. అక్కడా పట్టే! వాళ్ల గుంపులో కలిసిపోకుండా ‘గంజాం జిల్లా, ఒడిశా’ అని అడ్రసులో పూర్తిగా రాయండి. ఊరి పేరు రెండు మూడు రకాలుగానూ వాక్యాల్లో సహజంగా రానివ్వండి. వరుసపెట్టి దండకంలా చదవొద్దు.

ఫోన్లో తీసిన ఫొటోలు ఒక్కోటి 5 ఎంబీ ఉన్నాయి. 200 కేబీ దాకా కుదించినా చీర అందం చెడదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట పేజీ తెరుచుకునేలోపే జనం వెళ్లిపోతారు.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో మీ కొట్టు వివరాలు చూపే పేజీ) పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. ఇచ్ఛాపురం నుంచి పెళ్లి బట్టలకు బయల్దేరినవాళ్లు మ్యాప్ చూసుకునే వస్తారు. కొట్టు బోర్డు, తెరిచే వేళలు, సెలవు రోజు, ఫోన్ నంబరు సరిగ్గా ఉండాలి. పేరు పెట్టేచోట బోర్డు మీద ఉన్నదే రాయండి, ‘బెస్ట్ సిల్క్ శారీస్’ లాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్‌నే ఆపేయొచ్చు. చీర నచ్చి వెళ్లినవాళ్లను ఒక మాట రాయమని అడగండి, అందులో తప్పులేదు. రివ్యూలు కొనుక్కోవడమే తప్పు.

అబ్బాయిని సెర్చ్ కన్సోల్ (సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సాధనం) తెరవమనండి. అదీ ఉచితమే. జనం ఏ మాట కొడితే మీ సైటు కనబడిందో, ఎందరు లోపలికి వచ్చారో గూగులే చూపిస్తుంది. అక్కడ మీరు ఊహించని ప్రశ్న కనబడితే దానికి జవాబు పేజీలో చేర్చండి. మార్పులు గూగుల్ పట్టించుకోవడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు.

ప్రశ్న: పర్లాకిమిడిలో కొమ్ముతో చేసిన కొంగలు, దువ్వెనలు అమ్ముతాం. సైటు తెలుగులో ఉండాలా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా? మా కుర్రాడు సైటులో కీవర్డ్స్ డబ్బాలో (జనం వెతికే మాటలు రాసేచోట) రెండొందల మాటలు నింపాడు, సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: కొనేవాళ్లది ఏ భాషయితే సైటూ అందులోనే. మీకు బయటి రాష్ట్రాల గిరాకీ ఎక్కువైతే ముందు ఇంగ్లీషు. తెలుగు, ఒడియా పేజీలు వేరువేరుగా పెట్టండి, ఒకే పేజీలో మూడూ కలిపి వండొద్దు. యంత్రం అనువాదం చేసిందాన్ని ఆ భాష వచ్చినవాళ్లు చదివి దిద్దాకే ఎక్కించండి. ఆ కీవర్డ్స్ డబ్బాను లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. మీ కుర్రాడికి అంత ఓపికే ఉంటే, ఒక్కో కొంగ ఎత్తెంత, బరువెంత, మెరుగు ఎలా పెడతారు అన్నది ఫొటో కింద రాయమనండి.