‘మీట్ ద ప్రెస్’ నిజంగా అమెరికా రాజకీయాలను మార్చిందా?

ఇది అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో ఆదివారం పొద్దున వచ్చే, నాయకులను విలేఖరులు ప్రశ్నించే కార్యక్రమం. రాజకీయాలను కొన్నిసార్లు మార్చింది. అంతకంటే ఎక్కువసార్లు రాజకీయ నాయకులే దాన్ని తమకు కావలసినట్టు వాడుకున్నారు. నేను ఈ కార్యక్రమాన్ని దాదాపు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి రెండు సంగతులూ చెబుతాను.

2005 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి డాలస్ వచ్చాను. నలుగురం కలిసి ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. కేబుల్ పెట్టించుకునే స్తోమత లేదు. సీనియర్లు వదిలేసి వెళ్ళిన పాత టీవీ ఒకటి, దాని నెత్తిన కుందేలు చెవుల్లాంటి యాంటెనా. ఉచితంగా దొరికే కొద్ది ఛానళ్ళలో ఎన్‌బీసీ ఒకటి. ఆదివారం పొద్దున మిగతా ముగ్గురూ నిద్రపోతుంటే నేను ఒకపక్క పప్పు ఉడికించుకుంటూ ఈ కార్యక్రమం చూసేవాణ్ణి. రాజకీయాల మీద ఆసక్తి ఉండి కాదు, అక్కడి ఇంగ్లీషు చెవికి పట్టాలని. అప్పటి సంధానకర్త టిమ్ రసర్ట్ ఒక్కో మాటా విడివిడిగా, నింపాదిగా పలికేవారు. నాలాంటివాడికి అంతకంటే మంచి పంతులు దొరకడు.

2007లో మా అమ్మ వచ్చింది. మన ఛానళ్ళలో ఒకే తెర మీద నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చలకు అలవాటు పడిన మనిషి. కాసేపు చూసి, “ఇంత మెత్తగా అడిగితే ఎవరు నిజం చెబుతారురా?” అంది. అంతలోనే రసర్ట్ ఆ అతిథి ఎప్పుడో అన్న మాటను తేదీతో సహా తెర మీద వేయించి, అక్షరం పొల్లుపోకుండా చదివి, “ఇప్పుడేమంటారు?” అన్నట్టు చూశారు. అతిథి నీళ్ళు నమిలాడు. ఇంగ్లీషు రాకపోయినా మా అమ్మకు విషయం అర్థమైపోయింది. “ఓహో, కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం తీసినట్టు తీశాడన్నమాట” అంది. ఆ కార్యక్రమం గురించి అంతకంటే సరైన వర్ణన నేను ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదు.

ఖాతా పుస్తకం పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు. మార్తా రౌంట్రీ, లారెన్స్ స్పివాక్ అనే ఇద్దరు 1945లో దీన్ని రేడియోలో మొదలుపెట్టారు. 1947 నవంబరు 6న టీవీలోకి వచ్చింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలంగా నడుస్తున్న టీవీ కార్యక్రమంగా దీనికి పేరు. అప్పట్లో అరగంటే. ఒక నాయకుణ్ణి కూర్చోబెట్టి నలుగురు పత్రికా విలేఖరులు ప్రశ్నలు వేసేవారు. తొలి సంధానకర్త రౌంట్రీయే. ఆమె 1953లో తప్పుకున్నాక ఆ కుర్చీలో మరో మహిళ స్థిరంగా కూర్చోవడానికి 2023 దాకా, అంటే క్రిస్టెన్ వెల్కర్ వచ్చేదాకా పట్టింది. డెబ్బై ఏళ్ళు! వెతికితే ఇలాంటి పద్దులు ఆ కార్యక్రమం ఖాతాలోనూ దొరుకుతాయి.

ప్రభావం అంటే నాకు మొదట గుర్తొచ్చేది 1948 ఆగస్టు 27 నాటి రేడియో ప్రసారం. విటేకర్ చేంబర్స్ అనే మాజీ కమ్యూనిస్టు, విదేశాంగ శాఖలో పెద్ద పదవులు చేసిన ఆల్జర్ హిస్ కూడా కమ్యూనిస్టేనని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు అప్పటికే చెప్పి ఉన్నాడు. కమిటీ ముందు చెప్పిన మాటకు పరువు నష్టం దావా పడదు. దమ్ముంటే ఆ రక్షణ లేని చోట అనమని హిస్ సవాలు విసిరాడు. విలేఖరులు ఈ కార్యక్రమంలో సరిగ్గా అదే అడిగారు, చేంబర్స్ అనేశాడు. హిస్ దావా వేశాడు. ఆ దావాలో తవ్వేకొద్దీ కాగితాలు బయటపడి కథ అడ్డం తిరిగింది. చివరికి 1950లో అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న నేరం రుజువై, 1951లో జైలుకు వెళ్ళింది దావా వేసిన హిస్సే. ఈ కేసుతోనే దేశమంతటికీ తెలిసిన, ఆ కమిటీలోని ఒక యువ సభ్యుడి పేరు రిచర్డ్ నిక్సన్, తర్వాత దేశాధ్యక్షుడైన మనిషి. ఒక్క ప్రశ్న ఎంత దూరం పోయిందో చూడండి.

మార్టిన్ లూథర్ కింగ్ 1960 ఏప్రిల్‌లో ఇక్కడే కూర్చుని, ఆదివారం పదకొండు గంటలకు, అంటే అందరూ చర్చికి వెళ్ళే వేళకే, ఈ దేశంలో నల్లవారూ తెల్లవారూ అన్నిటికంటే ఎక్కువగా వేరుపడి ఉంటారని, అది సిగ్గుపడాల్సిన సంగతని అన్నారు. ఆదివారం కార్యక్రమంలో ఆ మాట! 1963లో నల్లవారి హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మహా ప్రదర్శనకు మూడు రోజుల ముందు మళ్ళీ వచ్చారు. అంతమంది నల్లవారు రాజధానిలో పోగైతే అల్లర్లు జరగవా అన్నదే ఆ రోజు విలేఖరుల బెంగ. రెండున్నర లక్షల మంది వచ్చారు, ప్రశాంతంగా తిరిగి వెళ్ళారు. ఇప్పుడు ఆ ప్రశ్నలు చదివితే జవాబుల కంటే అడిగినవాళ్ళ గురించే ఎక్కువ తెలుస్తుంది.

రసర్ట్ 1991 డిసెంబరులో పగ్గాలు పట్టారు. అంతకు ముందు నెలలోనే, ఇంకా ప్యానెల్లో ఒకరిగా ఉన్నప్పుడే, లూసియానా గవర్నరు పదవికి పోటీ చేస్తున్న కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవారి జాత్యహంకార సంస్థ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్‌ను ఒక చిన్న ప్రశ్న అడిగారు: మీ రాష్ట్రంలో ఎక్కువమందికి పని ఇస్తున్న మూడు పెద్ద సంస్థలు ఏవి? జాత్యహంకారం గురించి ఎంత నిలదీసినా డ్యూక్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. దీనికి మాత్రం లేదు. ఆయన ఆ ఎన్నికలో ఓడిపోయాడు. ఈ ప్రశ్న వల్లే ఓడాడని నేను అనను గానీ, రసర్ట్ పనితనమంతా అందులోనే కనిపిస్తుంది. 1992లో కార్యక్రమం గంటకు పెరిగాక ఒక్క మనిషిని నిలబెట్టి తీరిగ్గా లెక్క అడిగే వీలు దొరికింది.

ఇక రెండో సంగతి, నాయకులు దీన్ని వాడుకోవడం. 2002 సెప్టెంబరు 8 ఆదివారం. ఇరాక్ అణ్వాయుధాల కోసం అల్యూమినియం గొట్టాలు కొనబోయిందని ప్రభుత్వ అధికారులు చెప్పగా ఆ పొద్దున న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఉపాధ్యక్షుడు డిక్ చేనీ అదే పొద్దున రసర్ట్ ముందు కూర్చుని, పత్రికలో కూడా వచ్చిందిగా అన్నారు. తామిచ్చిన వార్తనే తమకు సాక్ష్యంగా చూపించడం ఇది. తర్వాత 2007లో చేనీ కార్యాలయ అధికారి లూయిస్ లిబీ మీద విచారణ జరిగినప్పుడు చేనీ ప్రచార వ్యవహారాలు చూసిన ఉద్యోగిని రాసుకున్న కాగితాలు కోర్టుకు వచ్చాయి. ఉపాధ్యక్షుణ్ణి ఈ కార్యక్రమానికి పంపితే మన సందేశం మన చేతిలో ఉంటుందన్నది వాటి సారాంశం. నేను ఎంతో భక్తిగా చూస్తున్న కార్యక్రమం గురించి అలా చదవడం ఆ వయసులో బాగా గుచ్చుకుంది. అదే విచారణలో రసర్ట్ కూడా సాక్ష్యం చెప్పారు. పెద్ద అధికారులు ఫోనులో మాట్లాడితే, వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఆ మాటలు ప్రచురించకూడనివేనన్నది తన పద్ధతని అన్నారు. ఖాతా పుస్తకంలో ఆ పేజీలు కుట్టేసి ఉంటాయన్నమాట.

రసర్ట్ 2008 జూన్ 13న ఆఫీసులోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 58. ఆ ఆదివారం ఆయన కుర్చీని ఖాళీగా ఉంచి కార్యక్రమం నడిపారు. ఆ రోజు నాకు వంట మీద ధ్యాస నిలవలేదు, పప్పు మాడింది.

ఆ తర్వాతి ఏళ్ళలో చరిత్ర తిరిగిన ఘట్టాలు తక్కువే. ఒక్కటి మాత్రం మరవలేను. 2012 మే 6న ఉపాధ్యక్షుడు జో బైడెన్, స్వలింగ వివాహాలు తనకు పూర్తిగా సమ్మతమేనని అనేశారు. అధ్యక్షుడు ఒబామా అప్పటికి ఆ మాట అనలేదు. మూడు రోజులు తిరగకుండా ఆయనా అనాల్సి వచ్చింది, అదీ వేరే ఛానల్లో. నోరు జారడం కూడా ఒక్కోసారి దేశానికి పనికొస్తుంది.

మీరు కొత్తగా చూడదలిస్తే నా సలహా ఇది. చేనీ ఇంటర్వ్యూలు మూడింటిని వరుసగా పెట్టుకోండి. పైన చెప్పిన 2002 సెప్టెంబరుది, ఇరాక్ యుద్ధం మొదలవబోతుండగా, ఇరాకీలు అమెరికా సైన్యాన్ని విముక్తి ప్రదాతలుగా ఆహ్వానిస్తారని ఆయన చెప్పిన 2003 మార్చి 16ది, అదే మాటను రసర్ట్ తిరిగి చూపించి లెక్క అడిగిన 2003 సెప్టెంబరు 14ది. మూడోదాంట్లో చేనీ ముఖం చూడండి. చెక్కు చెదరదు. చాలామంది ఇరాకీలు అలాగే చూస్తున్నారని జవాబిచ్చి తర్వాతి ప్రశ్నకు సిద్ధమైపోతారు.