పొడుగెక్కువైన యుకాతాను కత్తిరించొద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఒసాకాలో చదువుతోంది. వేసవి బాణసంచా పండక్కి యుకాతా, అంటే జపాన్ వాళ్ల పల్చటి వేసవి కిమోనో, కొనుక్కుంది. ఎత్తు 157 సెంటీమీటర్లు. బట్ట పొడవు 165 ఉంది, నేల మీద ఈడుస్తోంది. కింద కత్తిరించి కుట్టించుకోమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: వద్దండీ. ఆడవారి యుకాతాను ఇంచుమించు మనిషి ఎత్తంత పొడవుగానే కుడతారు. మీ అమ్మాయిదిలా ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువైనా ఇబ్బంది లేదు. మిగిలిన బట్టంతా నడుం దగ్గర మడతలోకి పోతుంది. ఆ మడతను ఒహషోరి అంటారు. నడుంపట్టీ, అంటే ఒబి కింద అది అయిదారు సెంటీమీటర్లు కనిపించాలి. కత్తిరిస్తే మడతకు బట్ట చాలదు. మగవాళ్ల యుకాతాకు మాత్రం ఈ మడత ఉండదు, నేరుగా చీలమండ దాకా వస్తుంది.

కట్టేటప్పుడు ముందుగా కింది అంచును చీలమండ ఎత్తుకు లేపి పట్టుకోవాలి. ఎడమ పన్నా, అంటే ఎడమవైపు ముందు బట్ట, కుడి తుంటి దాకా వస్తోందో లేదో చూసుకుని, దాన్ని తెరిచి, కుడి పన్నాను లోపలికి చుట్టాలి. దాని కొసను పది సెంటీమీటర్లు పైకెత్తాలి, లేకపోతే నడిచేటప్పుడు కింద నుంచి తొంగిచూస్తుంది. దాని మీద ఎడమ పన్నా వేసి, తుంటి ఎముకకు కాస్త పైన కోషిహిమో అనే తాడు బిగించాలి. ఈ ఒక్క తాడు గట్టిగా ఉండాలి. మన చీరకు లంగా బొందు ఎంతో, దీనికి ఇది అంత. బొందు వదులైతే కుచ్చిళ్లు జారినట్టే ఇక్కడా అంచు జారుతుంది. చంకల కింద కుట్టని సందులుంటాయి. వాటిలోంచి చేతులు పెట్టి మడతను కిందికి నిమిరి, ఎద కింద రెండో తాడు కట్టాలి. అది ఊపిరాడేంత బిగువుంటే చాలు. మధ్యలో మెడ దగ్గర వదులైతే అంతా విప్పక్కర్లేదు, ఎడమ చంక సందులోంచి లోపలి మెడపట్టీని లాగితే సర్దుకుంటుంది.

ప్రశ్న: ఎడమ పన్నా పైకి రావాలని పట్టుబడతారెందుకు?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: కుడి పన్నా పైకి వేసేది శవానికి. అందుకే పొరపాటు పడితే దారినపోయే పెద్దావిడ కూడా ఆపి సరిచేస్తుంది. జపాన్ దర్బారు 719లోనే ప్రజలంతా ఎడమ పన్నా పైకి వేయాలని ఆజ్ఞ ఇచ్చింది. ఫోన్ సెల్ఫీ బొమ్మను తిప్పి చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. కుడి చెయ్యి ఎదలోకి సులువుగా దూరితే సరిగ్గా కట్టినట్టు. ఒబి ముడిని ముందు వేసుకుని వెనక్కి తిప్పేవాళ్లు కుడివైపుకే తిప్పాలి. ఎడమకు తిప్పితే పన్నా విప్పుకుంటుంది.

ప్రశ్న: కలంకారీ బట్టతో ఒబి కుట్టవచ్చా?
– మచిలీపట్నం పాఠకురాలు

జవాబు: భేషుగ్గా. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చివారి ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ వాటిని సరసా అన్నారు, తేనీటి పాత్రల సంచులకూ వాడారు. యుకాతాకు సరిపోయే ఒబి వెడల్పు 17 సెంటీమీటర్లు, పొడవు 3.6 మీటర్లు. వెడల్పు 36 పెట్టి కత్తిరించి, రెండుగా మడిచి కుట్టండి. నూలు పల్చనిది కాబట్టి లోపల బక్రం వేయాలి, లేకపోతే రెండు చుట్లకే తాడులా ముడుచుకుపోతుంది. బట్ట పొడవు చాలకపోతే అతుకు వేయండి, అది మొదటి చుట్టులోకి వచ్చేలా చూసుకుంటే పైకి కనబడదు.