బాప్తిస్మమా, జ్ఞానస్నానమా? సంస్కారం నుంచి రాకడ దాకా కొన్ని క్రైస్తవ పదాలు

సందేహం: మా పట్టణంలోని చర్చిల వార్తలు రాస్తుంటాను. ఒకచోట ‘బాప్తిస్మం’ అంటారు, మరోచోట ‘జ్ఞానస్నానం’ అంటారు. ప్రభువు బల్ల, సంస్కారం, సత్ప్రసాదం అన్నీ ఒకటేనా? అందరికీ ఒకే మాట ఖాయం చేసుకుంటే తప్పా? రాకడ, ఎత్తబడటం, మహాశ్రమలు, అంత్యక్రీస్తు అనే మాటల్ని ఎలా వాడాలి?

సమాధానం: ఒకే మాట ఖాయం చేసుకోకండి. ఇవి పర్యాయపదాల్లా కనిపిస్తాయి గాని, ఒక్కో మాట వెనుక ఒక్కో శాఖ నమ్మకమూ ఆచారమూ ఉన్నాయి. ఎవరి ఆలయం వార్త రాస్తుంటే వారి మాటే రాయాలి.

‘బాప్తిస్మము’ గ్రీకు మాట. మూలధాతువుకు ‘ముంచు’ అని అర్థం. ప్రొటెస్టంట్లు చదివే తెలుగు బైబిలు ఆ మాటను అనువదించకుండా అలాగే ఉంచింది. ‘ప్తి’కి దీర్ఘం అక్కర్లేదు, ‘బాప్తీస్మం’ అని గోడల మీద ఎంత కనిపించినా ‘బాప్తిస్మం’ అనే రాయండి. క్రియల విషయంలో బైబిలు వాడుక స్పష్టంగా ఉంది. చేయించేవారు ‘ఇస్తారు’, చేయించుకునేవారు ‘పొందుతారు’. మత్తయి 28:19లో ‘బాప్తిస్మమిచ్చుచు’ అనీ, మార్కు 16:16లో ‘నమ్మి బాప్తిస్మము పొందినవాడు’ అనీ ఉంది. ‘తీసుకున్నారు’ అనేది నేటి వాడుక, దానికీ అభ్యంతరం లేదు. ‘బాప్తిస్మం చేశారు’ మాత్రం పొసగదు.

‘జ్ఞానస్నానం’ క్యాథలిక్కుల మాట. బిడ్డను పట్టుకుని నిలిచేవారు జ్ఞానతల్లిదండ్రులు. బాప్తిస్మమిచ్చు యోహాను వారికి స్నాపక యోహాను. తమిళనాట ప్రొటెస్టంట్లు కూడా ‘జ్ఞానస్నానం’ అనే అంటారు; తెలుగులో మాత్రం ఈ మాట క్యాథలిక్కుల దగ్గరే నిలిచింది. అందువల్ల బాప్టిస్టు సంఘం వార్తలో ‘జ్ఞానస్నానం’ అని రాస్తే చదివేవారికి అది మరొకరి ఆలయమనిపిస్తుంది.

మాటతో పాటు పద్ధతీ మారుతుంది. క్యాథలిక్ గురువు తండ్రి, కుమార, పవిత్రాత్మల నామాన శిశువు తలపై మూడుసార్లు నీళ్ళు పోస్తారు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లోనూ పసిపిల్లలకు ఇస్తారు. అక్కడ పోయడమో చిలకరించడమో ఉంటుంది, ఆత్మను ‘పరిశుద్ధాత్మ’ అంటారు. బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తువారు మాత్రం తన విశ్వాసాన్ని తానే ఒప్పుకోగల వ్యక్తికే, అదీ నిండా నీళ్ళలో ముంచి ఇస్తారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఇలా ముంచే. అంతకుముందు కరువు కాలంలో, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలే ఆపేశారు. ఇటువంటి చోట ‘చిలకరించారు’ అని రాస్తే భాషతో పాటు చరిత్రా తప్పుతుంది.

ఇంకో చిక్కు ఉంది. పసితనంలో నీళ్ళు పోయించుకున్నవారు పెద్దయ్యాక బాప్టిస్టు సంఘంలో ముంచుడు బాప్తిస్మం పొందితే విలేకరులు ‘రెండోసారి బాప్తిస్మం’ అని రాస్తుంటారు. అది ఇరుపక్షాలకూ సమ్మతం కాదు. మొదటిదాన్ని ఇచ్చిన సంఘం బాప్తిస్మం ఒక్కసారే అంటుంది. రెండోదాన్ని ఇచ్చిన సంఘం మొదటిదాన్ని లెక్కలోకే తీసుకోదు. ‘ఫలానా సంఘంలో బాప్తిస్మం పొందారు’ అని ఊరుకోవడమే సరైనది.

ఇక రొట్టె, ద్రాక్షారసాల సంగతి. ‘ప్రభువు బల్ల’, ‘ప్రభువు రాత్రి భోజనము’ అనే రెండూ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10, 11 అధ్యాయాల్లోవి. ‘రొట్టె విరుచుట’ అపొస్తలుల కార్యములు 2:42లోది. ప్రతి ఆదివారం దాన్ని ఆచరించే బ్రదరెన్ సంఘాల్లో ఈ మాట బాగా వినిపిస్తుంది. వారికది క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడం. లూథరన్లు, సీఎస్ఐ వారు ‘ప్రభు సంస్కారం’ లేదా ఉత్త ‘సంస్కారం’ అంటారు. ఇక్కడే జాగ్రత్త పడాలి. మామూలు తెలుగులో సంస్కారం అంటే మర్యాద. ‘అంత్య’ చేరితే దహనమో ఖననమో. ‘చర్చిలో సంస్కారం జరిగింది’ అని ముక్తసరిగా రాస్తే ఎవరో పోయారనుకుంటారు. ‘ప్రభు సంస్కార ఆరాధన’ అని పూర్తిగా రాయండి.

క్యాథలిక్కులకు అది ‘దివ్య సత్ప్రసాదం’. రొట్టె, ద్రాక్షారసాలు క్రీస్తు శరీర రక్తాలుగా నిజంగానే మారతాయని వారి సిద్ధాంతం. 1551లో ఆ శాఖ బిషప్పుల ట్రెంట్ మహాసభ దాన్ని మరోసారి ఖరారు చేసింది. కాబట్టి ‘ప్రసాదం పంచారు’ అనడం వారిని నొప్పిస్తుంది. ‘సత్ప్రసాదం స్వీకరించారు’ అనాలి. గురువు దివ్యబలిపూజ (మాస్) ‘సమర్పిస్తారు’. అదే ‘పూజ’ మాటను ప్రొటెస్టంట్ల వార్తలో వాడకండి. వారిది ‘ఆరాధన’, దాన్ని పాస్టరు ‘నడిపిస్తారు’, విశ్వాసులు బల్లలో ‘పాలుపొందుతారు’.

‘సంస్కారాలు’ అని బహువచనంలో రాస్తే లెక్క కూడా చూసుకోవాలి. క్యాథలిక్కులకు ఏడు: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే తైలాభిషేకం), దివ్య సత్ప్రసాదం, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం (గురువుగా అభిషేకం), వివాహం. ప్రొటెస్టంట్లలో ఎక్కువమందికి రెండే, బాప్తిస్మమూ ప్రభు భోజనమూ. సీఎస్ఐలో పెళ్ళి ఎంత పవిత్రమైనదైనా దాన్ని ‘వివాహ సంస్కారం’ అంటే ఆ సంఘం చెప్పని సిద్ధాంతాన్ని దానికి అంటగట్టినట్టే.

అంత్యదినాల మాటల్లో నాకు ఎంతో ఇష్టమైనది ‘రాకడ’, అంటే క్రీస్తు తిరిగి రావడం. ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక’ అనే సామెతలోని రాకడే ఇది. మత్తయి 24లో ‘ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు’ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని చెప్పిన వెంటనే ‘మనుష్యకుమారుని రాకడ’ అని వస్తుంది. సమయం తెలియని రాకకు ఇంతకంటే తగిన తెలుగు మాట దొరకదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం ‘ఆగమన కాలం’. దాన్ని ‘రాకడ కాలం’ అని రాసి గందరగోళం చేయకండి.

‘శ్రమలు’ విషయంలోనూ ఇదే ఇబ్బంది. ప్రొటెస్టంట్లు ఈస్టరుకు ముందు 40 రోజుల్ని ‘శ్రమల కాలం’ అంటారు. క్యాథలిక్కులకు అది ‘తపస్సు కాలం’. ‘మహాశ్రమలు’ వేరు. అవి ప్రకటన గ్రంథం 7:14లో వచ్చేవి, లోకాంతానికి చెందినవి. ఆ గ్రంథాన్నే క్యాథలిక్ బైబిలు ‘దర్శన గ్రంథం’ అంటుంది. ఏటా వచ్చే ఉపవాస దినాలకు ‘మహా’ తగిలించకూడదు.

‘ఎత్తబడటం’, అంటే విశ్వాసులు క్రీస్తును కలుసుకోవడానికి ఆకాశానికి చేర్చబడటం, అందరి మాటా కాదు. దానికి ఆధారంగా చూపే 1 థెస్సలొనీకయులు 4:17లో ఉన్న క్రియ ‘కొనిపోబడుదుము’. మహాశ్రమలకు ముందే సంఘం రహస్యంగా ఎత్తబడుతుందని, దాన్ని రెండవ రాకడలో విడి ఘట్టంగా బోధించడం 1830ల్లో బ్రదరెన్ సంఘాల్లో, ముఖ్యంగా జాన్ నెల్సన్ డార్బీ బోధల ద్వారా స్థిరపడింది. ఆ సంఘాల మిషనరీలు 1836 నుంచే గోదావరి డెల్టాలో పనిచేశారు. క్రీస్తు భూమి మీద వెయ్యేండ్లు పాలిస్తాడని అక్షరాలా నమ్మేవారిలో బ్రదరెన్, పెంతెకొస్తువారు ఎక్కువ. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 17వ అధికరణం, మృతుల పునరుత్థానానికి ముందు భక్తులు లోకరాజ్యాన్ని ఏలుతారనే బోధను తోసిపుచ్చింది. అందుచేత ‘క్రైస్తవులు ఎత్తబడతామని నమ్ముతారు’ అని గుంపుగా రాయకండి. ‘పునరుత్థానం’, ‘తీర్పు’ మాత్రం శాఖలన్నిటికీ చెందిన మాటలు.

చివరిది ‘అంత్యక్రీస్తు’. ఇది ధ్వనిసామ్యం తెచ్చిన పొరపాటు. మూలంలోని గ్రీకు మాట ‘అంతిక్రిస్తోస్’, అందులో ‘అంతి’కి ‘ఎదురు’ అని అర్థం. మన ‘అంత్య’కు ‘చివరి’ అని. తెలుగు బైబిలులో 1 యోహాను 2:18 ‘క్రీస్తు విరోధి’ అంటుంది, అదే రాయండి. ఈ మాట యోహాను పత్రికల్లోనిదే గాని ప్రకటన గ్రంథంలో లేదు. అక్కడ కనిపించేది ‘క్రూరమృగము’. ప్రకటనను ఉటంకిస్తూ రాసేటప్పుడు ఆ మాటే ఉంచండి.