బండికి హంగులు సరే, ఇంటికి అత్యవసర నిధి ఏది?

ప్రశ్న: నా వయసు 31. ఒంగోలులో కాపురం, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. జీతం 36,000. భార్య, మూడేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. 14 నెలల క్రితం 350 సీసీ బండి లోన్‌లో తీసుకున్నాను, ఈఎంఐ 6,400. రోజూ డ్యూటీకీ అదే, సెలవుల్లో శ్రీశైలం, అరకు లాంటి టూర్లకూ అదే. సైడ్ బాక్సులు, క్రాష్ గార్డ్, ఫాగ్ లైట్లు, సైలెన్సర్, రైడింగ్ జాకెట్ అన్నీ కలిపి 95,000 అవుతుందన్నారు. బ్యాంకులో 28,000 ఉన్నాయి. వాటిని కదపకుండా పర్సనల్ లోన్ తీసుకోనా, చీటీ పాడనా? బండి ఇన్సూరెన్స్ ఐదేళ్లకు కట్టేశాం, ఆ టెన్షన్ లేదు.

జవాబు: లోనూ వద్దు, చీటీ పాటా వద్దు. ముందు మీ చివరి వాక్యం సంగతి చూద్దాం. ఇదే ధీమాతో చాలామంది ఉన్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను. షోరూమ్‌లో ఐదేళ్లకు కట్టించుకునేది థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. మీ బండికి జరిగే నష్టానికి ఇచ్చే కవర్ మాత్రం చాలావరకు ఏడాదికే ఉంటుంది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తరచూ అంతే. అంటే రెండు నెలలుగా మీ బండి కవర్ లేకుండానే, కర్నూలు రోడ్డులో గ్రానైట్ బండలేసుకుని వెళ్లే లారీల మధ్య తిరుగుతూ ఉండొచ్చు. పాలసీ కాగితం తీసి రెండు తేదీలూ విడివిడిగా చూడండి. గడువు ముగిసి 90 రోజులు దాటకముందే రెన్యువల్ చేయిస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు. బండిని తనిఖీకి చూపించమంటారు, చూపించండి.

ఇక అప్పు. 95,000ను 16 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 4,650 కట్టాలి. వడ్డీ కిందే 16,600 దాకా పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ఉన్న ఈఎంఐతో కలిపితే నెలకు 11,000 బండికే! ఎగుమతులు మందగిస్తే మీ ఫ్యాక్టరీలో జీతాలు ఎన్నాళ్లు ఆగుతాయో మీకే బాగా తెలుసు. ఒక్క నెల జీతం ఆగినా మీ 28,000 ఆ నెలకే సరిపోవు. ఆ తర్వాత రెండు రూపాయల వడ్డీకి చెయ్యి చాపడమే. సైడ్ బాక్సుల కోసం అంతవరకు తెచ్చుకోవడం నాకైతే మింగుడుపడదు.

నెలకు 4,650 కట్టగలనని లెక్కేసుకున్నారంటే, అంత పొదుపూ చేయగలరు. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి. మీ ఇంటికి నాలుగు నెలల ఖర్చు, అంటే దాదాపు 1,20,000 చేతిలో ఉండాలి. ఉన్న 28,000తో కలిపి ఏడాదిన్నర పైన పడుతుంది. పడనివ్వండి. ఆ డబ్బును టూర్లకు ముట్టుకోవద్దు.

మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ వైద్య బీమా) వర్తించదు. కంపెనీ గ్రూప్ పాలసీ లేకపోతే కుటుంబానికి ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

ఇప్పటికి బండి మీద పెట్టదగ్గ ఖర్చు: మీకూ మీ ఆవిడకూ ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు, టైర్లు అరిగి ఉంటే కొత్తవి, పంక్చర్ కిట్. సామానుకు సీటు మీద వేసుకునే బ్యాగ్ చాలు. బోనస్ వస్తే ముందు జాకెట్ కొనండి, తర్వాత క్రాష్ గార్డ్. శ్రీశైలానికి ఫాగ్ లైట్లు దేనికి? దోర్నాల దాటాక నల్లమలలోకి రాత్రిపూట ఎలాగూ పోనివ్వరు. సైలెన్సర్ మార్చడం మాత్రం ఎప్పటికీ వద్దు, పోలీసుల జరిమానా తప్పదు. ఏది బిగించినా బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి. లేకపోతే క్లెయిమ్‌లో వాటికి పైసా రాదు.