చెప్పి వెళ్లు, బిడ్డా

బిడ్డా,

నీకు జర్మనీలో నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని నువ్వు ఆ జర్మన్ పుస్తకాలు చదవడం నా కళ్లతో చూశాను. జర్మన్ భాషలో బీటూ స్థాయి పరీక్ష పాసయ్యావంటే ఊరికే రాలేదు. మా అమ్మానాయన వేలిముద్ర వేసి కూలికి పోయిన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల చదువు మీద విమానం ఎక్కుతోంది. కల్వకుర్తిలో ఈ సంగతి నేను చెప్పని ఇల్లు లేదు.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. చిట్టిని అచ్చంపేటలో తన దగ్గరే ఉంచుతున్నారట, నువ్వు రోజూ వీడియో కాల్ చేస్తావట, ఇంగ్లిష్ రైమ్స్ కోసం ట్యాబ్ కూడా కొన్నావట. "పోయే రోజు అది నిద్రల ఉన్నప్పుడే పంపిస్త అక్కా, దాని ఏడుపు నేను చూడలేను" అంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

టీకాల కార్డు, పిల్లల డాక్టర్ నంబరు మీ అమ్మ చేతికి ఇవ్వు. పాలు మాన్పించడం ప్రయాణం వారంలో పెట్టుకోకు, ఇప్పుడే మెల్లగా మొదలుపెట్టు. నెలా రెండు నెలల ముందే చిట్టితో వచ్చి అచ్చంపేటలో ఉండు. స్నానం, అన్నం, జోకొట్టడం ఒక్కొక్కటిగా మీ అమ్మ చేతికి మారాలి, అదీ నువ్వు పక్కన ఉండగానే. ఇవి నీకు తెలియనివి కావు.

తెలియనిది ఇది. మీ అమ్మకు మూడేళ్లప్పుడు కరువొచ్చింది. మా అమ్మానాయన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పనికి పోయారు. అప్పట్లో మన పాలమూరులో ఎన్ని ఇళ్లు అట్లా తాళాలు పడ్డాయో. మమ్మల్నిద్దరినీ నాయనమ్మ దగ్గర వదిలారు. నేను పెద్దదాన్ని కాబట్టి నాకు చెప్పారు, చిన్నదానికి మాత్రం చెప్పొద్దన్నారు. మీ అమ్మ ఎప్పుడూ అమ్మ కొంగు పట్టుకుని పడుకునేది. తెల్లవారుజామున లారీ వచ్చినప్పుడు, దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిలో పాత చీర ముక్క పెట్టి మా అమ్మ వెళ్లిపోయింది.

పొద్దున లేచి మీ అమ్మ ఏడవలేదు. వెతికింది. వంటింట్లో, పశువుల కొట్టంలో, గడ్డివాము వెనక. నాయనమ్మ "రేపొస్తది" అంది. మర్నాడు మళ్లీ వెతికింది, నాయనమ్మ మళ్లీ అదే మాట అంది. కొన్నాళ్లకు వెతకడం మానేసింది. అప్పుడు మొదలయ్యాయి రాత్రులు. నిద్రపోవాలంటే భయం. కళ్లు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. తను పడుకుంటే మనుషులు పోతారని ఆ పసిదానికి అర్థమైంది మరి! నా జడ చేతికి చుట్టుకుంటే తప్ప పడుకునేది కాదు. నేను బోరింగ్ దగ్గరికి పోయినా వెంటే. తొలకరికి అమ్మ తిరిగొస్తే నాయనమ్మ వెనక్కి పోయి దాక్కుంది. అమ్మ దాని కోసం తెచ్చిన గౌను పట్టుకుని గడపలోనే కూర్చుండిపోయింది.

మా అమ్మ రాతిగుండెది కాదు. బిడ్డ ఏడిస్తే తన కాళ్లు కదలవని భయపడింది, చిన్నపిల్లకు ఏం అర్థమవుతుందిలే అనుకుంది. ఊళ్లో అందరూ అట్లాగే పోయేవారు. మీ అమ్మకు ఆ రాత్రులు గుర్తులేవు, నాకున్నాయి. అదే మనిషి ఇప్పుడు మనవరాలికి అదే చేస్తానంటుంటే నాకెట్లా నిద్ర పడుతుంది? దాన్ని కోప్పడకు. దానితో నేను మాట్లాడతాను.

చిన్నపిల్లకు అర్థం కాదనే మాట తప్పని అంగన్‌వాడీలో పనిచేసిన ఇన్నేళ్లలో రోజూ చూశాను. స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే అని, పిల్లల మనసు ఎట్లా ఎదుగుతుందో పరిశోధించిన ఒకాయన, తన ముగ్గురు పిల్లల్ని ఇంట్లో గమనిస్తూ రాసిపెట్టుకున్నాడు. ఎనిమిది నెలల వయసు వచ్చేసరికి, గుడ్డ కింద దాచిన బొమ్మను పిల్లలు వెతకడం మొదలుపెడతారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య, కళ్ల ముందు లేనిదాన్ని కూడా మనసులో నిలుపుకోగలరు. చిట్టిది సరిగ్గా ఆ వయసు. నువ్వు కనిపించకపోతే లేవనుకోదు, ఎక్కడో ఉన్నావనుకుంటుంది, వెతుకుతుంది. కానీ జర్మనీ అన్నా, ఆరు నెలలు అన్నా దానికి తెలియదు. అందుకే దానికి తెలిసిన పనులతోనే చెప్పు. అమ్మ విమానంలో పోతుంది, నువ్వు అమ్మమ్మ దగ్గర బువ్వ తింటావు, అమ్మ ఫోన్‌లో మాట్లాడుతుంది. ఇప్పటి నుంచే చిన్న చిన్న పనులకు చెప్పి పో, వచ్చాక "వచ్చేశా" అని దానికి కనబడు. బయల్దేరే రోజు మెలకువగా ఉన్నప్పుడే ఎత్తుకుని చెప్పు. ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వూ ఏడుస్తావు. మీ అమ్మ చేతుల్లో ఉండి ఏడుస్తుంది కదా, అది వేరు.

ఇక వీడియో కాల్. ఫోన్ వద్దనే ముసలిదాన్ని కాను నేను. మా అమ్మకు ఆ ఫోన్ ఉంటే మా బతుకు ఇంకోలా ఉండేది. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పారు. ఎదురుగా కూర్చుని నేర్పినా, వీడియో కాల్‌లో నేర్పినా నేర్చుకున్నారు. అదే మనిషిని ముందుగా రికార్డు చేసిన వీడియోలో చూపిస్తే నేర్చుకోలేదు. పిల్ల నవ్వితే నవ్వాలి, వేలు చూపిస్తే అటు చూసి బదులివ్వాలి. తెర అవతలి మనిషి తనకే జవాబిస్తోందని పిల్లకు తెలియాలి. కాబట్టి నీ మొహం చూపించి "నేనెవరు చెప్పు, అమ్మా అను" అని పరీక్షలు పెట్టకు. బూచాట ఆడు. అది పల్లికాయ వలిచి చూపిస్తే నువ్వు తిన్నట్టు నటించు. మీ అమ్మ పక్కనే కూర్చుని "అగో, అమ్మ తింటోంది చూడు" అనాలి, ఫోన్ పిల్ల చేతికిచ్చి వంటింట్లోకి పోకూడదు. నెట్ నెమ్మదించి నీ జవాబు ఆలస్యమవుతుంటే పెట్టేసి మళ్లీ చెయ్. రెండు నిమిషాలకే లేచి పోతే మనసు కష్టపెట్టుకోకు తల్లీ, ఆ వయసు పిల్ల మీ అమ్మ ఎదుట కూర్చున్నా అంతే. కార్టూన్లు మాత్రం ఆ ఫోన్‌లో పెట్టొద్దు. అమ్మ కనిపించే చోట వేలితో జరిపేసే బొమ్మలు కూడా ఉంటే, నిన్నూ జరిపేస్తుంది.

ఆ ట్యాబ్ ఎందుకు కొన్నావు? నర్సువి, నీకు నేను చెప్పాలా? ఏడాది పిల్లలకు ఊరికే కూర్చుని చూసే తెర వద్దనీ, రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఇంగ్లిష్ వస్తుందని ఆశ పడకు. 2003లో అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లకు చైనా భాష వినిపించి చూశారు. ఆ భాష మాట్లాడే మనిషి పన్నెండు సార్లు వచ్చి ఆడించి, పుస్తకాలు చదివితే ఆ శబ్దాలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ పట్టలేదు. మీ అమ్మ మన పాలమూరు భాషలో రోజంతా దానితో వాగుతూ ఉంటే చాలు. బడికి పోయాక ఇంగ్లిష్ ఎక్కడికీ పోదు. ట్యాబ్ అల్లుడికి ఇచ్చెయ్, హైదరాబాద్‌లో పనికొస్తుంది. శని, ఆదివారాలు అతను తప్పకుండా అచ్చంపేట రావాలి, ఇది కూడా గట్టిగా చెప్పు.

వేళ సంగతి చూసుకో. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర. నువ్వు డ్యూటీ దిగి తీరిగ్గా చేసేసరికి ఇక్కడ పిల్ల పడుకుని ఉంటుంది, దాన్ని లేపొద్దు. నీ డ్యూటీ చార్ట్ రాగానే ఫొటో తీసి నాకు పంపు. ఏ రోజు ఏ వేళకు కాల్ కుదురుతుందో నేను పెద్ద అక్షరాలతో రాసి, అచ్చంపేట ఇంట్లో ఫ్రిజ్ మీద అంటిస్తాను. ప్రయాణం తేదీ తెలియగానే చెప్పు, ముందు వారమే వచ్చి ఉంటాను.

మీ పెద్దమ్మ