ముందు ఆ మధ్య గంతు సరిచెయ్యమ్మా

అమ్మాయ్,

నువ్వు పంపిన ట్రిపుల్ జంప్ వీడియోలు చూశాను. ఆపి ఆపి, వెనక్కి తిప్పి మరీ చూశాను. ఆ ఎనిమిదో తరగతి పిల్లలో సరుకుంది, అందులో అనుమానం లేదు. రన్నప్‌లో, అంటే దూకేముందు పరుగులో, తల కదలకుండా వస్తోంది, కాలు మోపి ఎగిరే బోర్డు దగ్గర బెదరడం లేదు. ఈ రెండూ నేర్పేసరికి చాలామంది పిల్లల దగ్గర తల ప్రాణం తోకకొస్తుంది. కానీ నువ్వు అడిగింది, నెలన్నరలో జిల్లా మీట్ ఉంది, పదిన్నర మీటర్లు దాటించాలంటే ఏం చేయించాలి అని. ఆ పదిన్నర సంగతి కాసేపు పక్కన పెట్టు. ఎగిరిన కాలి మీదే దిగే హాప్, రెండో కాలి మీద దిగే స్టెప్, ఇసుకలోకి దూకే జంప్, ఆ పిల్ల వేసే ఈ మూడు గంతుల్లో మధ్యది ఎక్కడికి పోయిందో ముందు చూడు.

పక్కన టేపు పరిచావు కాబట్టి నేనే లెక్క వేశాను. హాప్ నాలుగు మీటర్ల పైనే ఉంది, చివరి జంప్ నాలుగుకి కాస్త తక్కువ, మధ్యలో స్టెప్ రెండంటే రెండు మీటర్లు. అంటే స్టెప్ దగ్గర ఆ పిల్ల దూకడం లేదు, పడిపోకుండా కాలు మార్చుకుంటోంది, అంతే. 1995లో గోథెన్‌బర్గ్‌లో జోనాథన్ ఎడ్వర్డ్స్ 18.29 మీటర్లు దూకాడు, ఇవాళ్టికీ అదే మగవాళ్ల ప్రపంచ రికార్డు. అందులో హాప్ 6.05, స్టెప్ 5.22, జంప్ 7.02. మూడింట్లో స్టెప్పే చిన్నది, అది ఎవరికైనా అంతే, అయినా మొత్తంలో దాని వాటా 28 శాతం పైనే. మీ పిల్లకి ఇరవై శాతం. మొదలుపెట్టే పిల్లలకి హాప్ 35, స్టెప్ 30, జంప్ 35 శాతం అనే కొలత పెట్టుకో. పది మీటర్లు దూకే పిల్లకి అది మూడున్నర, మూడు, మూడున్నర అవుతుంది. హాప్ తగ్గిపోతోందే అని కంగారుపడకు. అది తగ్గితేనే మిగతా రెండూ బతుకుతాయి.

స్టెప్ ఎందుకు చచ్చిపోతోందంటే, హాప్ ఎత్తుగా పోతోంది. లాంగ్ జంప్ నుంచి వచ్చిన పిల్లలందరికీ ఉండే అలవాటే ఇది, బోర్డు కనపడగానే పైకి లేస్తారు. అంత ఎత్తునుంచి ఒంటి కాలి మీద దిగితే మోకాలు కూలబడుతుంది, నడుము కిందికి జారుతుంది, వచ్చిన వేగం మొత్తం నేలలోకి పోతుంది, ఇక అక్కడినుంచి స్టెప్ వెయ్యడానికి ఏం మిగులుతుంది? పెద్ద స్థాయి ఆటగాళ్లలో ఈ దిగే క్షణాల్లో కాలి మీద పడే ఒత్తిడి శరీరం బరువుకి పదిహేను రెట్ల దాకా ఉంటుందని కొలిచి చెప్పారు. పదమూడేళ్ల పిల్లకి అంత పడదులే, కానీ పడినదాన్ని ఓర్చుకునే కండ కూడా ఇంకా లేదు కదా. అందుకని హాప్‌లో "పైకి" అన్న మాట నీ నోట రాకూడదు. "ముందుకి, చదునుగా, బోర్డు మీద నుంచి పరిగెత్తుకుంటూ వెళ్లిపో" అను.

దిగేటప్పుడు పాదం ఎలా పడుతోందో చూడటం కంటే వినడం తేలిక. పిట్ (ఇసుక గుంట) పక్కన, స్టెప్ పడే చోటుకి ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకో. సరిగ్గా వేసే పిల్ల దగ్గర టప్, టప్, టప్ అని మూడు చప్పుళ్లు ఒకే ఎడంతో వినిపిస్తాయి. నీ వీడియోలో సౌండ్ పెంచి విను, టప్, టపటప్ అని ఉంటుంది, రెండోదీ మూడోదీ అతుక్కుపోయాయి. ఇంకోటి, మడమ ముందు తగిలితే "ధబ్" అని బరువుగా వస్తుంది, అది బ్రేకు వేసినట్టే, పైగా మడమ కమిలిపోతుంది. అలాగని మునివేళ్ల మీద దిగమని చెప్పావో చీలమండ మడతపడుతుంది. పాదం మొత్తం ఒకేసారి చదునుగా తగలాలి. తగలకముందే కాలు వెనక్కి కదులుతూ ఉండాలి, పడవలో తెడ్డు నీళ్లను వెనక్కి తోసినట్టు నేలని వెనక్కి తోసెయ్యాలి. కాలు ముందుకి చాపి నేల కోసం ఎదురుచూసే పిల్ల ఎంత బలంగా ఉన్నా ఆగిపోతుంది.

స్టెప్‌లో చెప్పాల్సింది ఒకటే, "ఆగు". ముందు తొడ నేలకి సమాంతరంగా లేపి, గాల్లో కాసేపు దాన్ని అలాగే పట్టి ఉంచాలి. పిల్లలకి అక్కడ భయం వేస్తుంది, కింద పడతామేమోనని గబుక్కున కాలు దించేస్తారు. గాల్లో ఉండగా నువ్వు గట్టిగా "ఆగూ..." అని అరిచి చెప్పు, కొన్నాళ్లకి వాళ్ల ఒంటికే తెలిసిపోతుంది. చేతుల విషయంలో ఇప్పుడే రెండు చేతులూ కలిపి ఊపే పద్ధతి నేర్పకు, పరిగెత్తేటప్పుడు ఊగినట్టే మారి మారి ఊగనీ. చూపు ఎదురుగా, ఎక్కడో దూరంగా ఉండాలి. ఈ పిల్ల మూడో గంతు ముందు ఇసుక వైపు చూస్తోంది, చూపు దించగానే ఛాతీ ముందుకి వంగిపోతోంది.

ఇక ప్రాక్టీస్. ట్రాక్ వద్దు, పిట్ కూడా వద్దు, ముందు గడ్డి మీద మొదలుపెట్టు. ముగ్గు పిండితో గీతలు గియ్యి. మొదటి గీత దగ్గర ఎడమ కాలితో ఎగిరి రెండో గీత దగ్గర మళ్లీ ఎడమ కాలి మీదే దిగాలి, మూడో గీత దగ్గర కుడి కాలి మీద, చివరికి రెండు కాళ్ల మీద. మొదట గీతల మధ్య దూరం మూడూ సమానంగా, పిల్ల కష్టపడకుండా అందుకునేంతే ఉండాలి. నడుచుకుంటూ వచ్చి చేయించు, ఆ తర్వాత రెండడుగుల పరుగు, నాలుగు, ఆరు. చప్పుడు చెడిందంటే వెనక్కి తగ్గు. చిన్న పిల్లలకైతే తొక్కుడు బిళ్ల ఆడించు, నిజంగానే చెబుతున్నాను, ఒంటికాలి మీద బిగువుగా దిగి మళ్లీ లేవడం అందులోనే వచ్చేస్తుంది, అదీ ఒకసారి ఆ కాలితో, ఒకసారి ఈ కాలితో మార్చి మార్చి ఆడిస్తే ఇంకా మేలు. పోటీలో హాప్‌కి బలమైన కాలే వాడాలి, ఎందుకంటే రెండుసార్లు ఎగరాల్సింది ఆ కాలే. ప్రాక్టీస్‌లో మాత్రం రెండో కాలిని వదిలెయ్యకు. ఒకే కాలితో ఏళ్ల తరబడి చేసిన పిల్లలకి నడుము నొప్పి రావడం చూస్తూనే ఉన్నాం.

నువ్వు పద్నాలుగు అడుగుల రన్నప్ ఇచ్చావు, ఎందుకమ్మా? పెద్దవాళ్లు పదహారు, ఇరవై అడుగులు తీసుకుంటారు, ఆ వేగాన్ని మోసే కాళ్లు వాళ్లకి ఉన్నాయి. ఈ పిల్లకి ఎనిమిది అడుగులు పెట్టు. బోర్డు దగ్గర పిట్‌కి వీపు పెట్టి నిలబెట్టి రన్నప్ దారిలో పరిగెత్తించు, ఎనిమిదో అడుగు పడ్డ చోట గుర్తు పెట్టు, రెండు మూడు రోజులు అదే చేసి గుర్తు సరిచెయ్యి. ఎనిమిది అడుగులతో మూడు చప్పుళ్లూ సమానంగా వచ్చాక పదికి వెళ్లు. ఈ ఏడాదికి పది దాటకపోయినా నష్టమేమీ లేదు.

ఎన్ని చేయించాలి అన్నావు. నేలకి కాలు తగిలిన ప్రతిసారీ ఒకటిగా లెక్కపెట్టు, ఒక పూర్తి జంప్ అంటే మూడు. ఈ వయసుకి ఒక రోజులో యాభై, అరవై చాలు, అదీ వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. పూర్తి రన్నప్‌తో పిట్‌లోకి దూకడం వారానికి ఐదారుకి మించొద్దు. మిగతా రోజులు పరుగు, హర్డిల్స్, మెడిసిన్ బాల్, గుంజీలు, మెట్ల మీద మడమలు లేపి దించడం, ఒంటికాలి మీద నిలబడి బాల్ పట్టుకోవడం. ఎంత చేయిస్తే అంత దూరం వస్తుందనుకునేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్ల పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి మోకాలికి పట్టీ కట్టుకుని గ్యాలరీలో కూర్చుంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నెలకొకసారి ప్రతి పిల్లనీ గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాయి. ఆడపిల్లలు పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు పధ్నాలుగేళ్ల దగ్గర ఒక్కసారిగా పొడవు లాగుతారు, కొందరు ముందూ కొందరు వెనకా. అప్పుడు ఎముకలు పెరిగినంత వేగంగా కండరాలు సాగవు, మడమ వెనకా మోకాలి చిప్ప కిందా లాగి నొప్పి పెడుతుంది. ఆ ప్రాయంలో నిన్నటిదాకా బాగా చేసిన పిల్ల ఇవాళ తడబడితే తిట్టకు, కాళ్లు పొడవయ్యాయి, వాటితో కొత్తగా అలవాటు పడాలి. ఆ కొన్ని నెలలూ గంతులు సగానికి తగ్గించు. మోకాలి కింద బొడిపె కనిపించి నొక్కితే నొప్పి అంటే గంతులు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకి చూపించు. బామ్ రాసి దూకించే పని మాత్రం చెయ్యొద్దు. ఆడపిల్లలు నీకు చెప్పినంత తేలిగ్గా మగ పీఈటీకి చెప్పుకోరు, నెలసరి గురించి, నీరసం గురించి నువ్వే అడుగు. మొహం పాలిపోయి తొందరగా ఆయాసపడే పిల్లకి రక్తపరీక్ష చేయించమని ఇంట్లో చెప్పు. పొద్దున ఖాళీ కడుపుతో రావడం మాన్పించు, రాగిజావ, ఒక గుడ్డు, వేరుశనగ ఉండ, ఇంతకంటే ఏ పౌడరూ అక్కర్లేదు.

మీ స్కూల్ గ్రౌండ్ నల్లరేగడి. వానాకాలం జిగురు, ఎండాకాలం నెర్రెలు, ఆ నెర్రెల్లో పాదం పడిందంటే చీలమండ సంగతి చెప్పక్కర్లేదు. రన్నప్ దారి వరకైనా గ్రావెల్ పోయించి రోలర్ తిప్పించమని హెడ్మాస్టర్ గారిని అడుగు. పిట్‌లో ఇసుక ప్రతిసారీ పారతో తిరగెయ్యి, గాజు పెంకులు ఏరి పారెయ్యి, ఇసుక మట్టం రన్నప్ దారితో సమానంగా ఉండాలి. వీలైతే నెలకొకసారి నాగార్జున యూనివర్సిటీ సింథటిక్ ట్రాక్ మీదకి తీసుకురా. 2019లో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన చోటు అది, ఆ ట్రాక్ మీద నిలబడితేనే పిల్లలకి ఊపు వస్తుంది. తెనాలి నుంచి ఎంత దూరమని. స్పైక్స్ ఇప్పుడే కొనిపించకు, మడమ దగ్గర మెత్త ఉన్న మామూలు షూస్ చాలు. ఎండాకాలం ఏడున్నరకల్లా ముగించెయ్యి, మన బెజవాడ, గుంటూరు ఎండలో ఆ తర్వాత చేయించిందంతా నీరసానికే.

వార్మప్ విషయంలో మాత్రం మొండిగా ఉండు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన హెన్రీ రెబెల్లో ట్రిపుల్ జంప్ ఫైనల్‌కి వెళ్లాడు, పందొమ్మిదేళ్ల కుర్రాడు. చలిలో తన వంతు కోసం ఆగాల్సి వచ్చింది, ఒళ్లు మళ్లీ వేడెక్కించుకోకుండానే పరిగెత్తాడు, తొలి జంప్‌లోనే తొడ వెనక కండరం చిరిగింది, ఫైనల్ అక్కడితో సరి. మనకి చలి లేకపోవచ్చు, కానీ మీట్లలో పేరు పిలిచేదాకా పిల్లలు షామియానా కింద గంటసేపు చతికిలబడి కూర్చుంటారు కదా, అదీ అంతే ప్రమాదం. తన ముందు ముగ్గురు ఉన్నారనగా లేచి కదలమను.

మీట్ రోజు ముందే వెళ్లి బోర్డు ఎక్కడుందో చూడు. సీనియర్లలో ఇసుకకి బోర్డు మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 11 మీటర్ల దూరంలో ఉంటుంది. స్కూల్ పిల్లలకి దగ్గరగా పెట్టాలి. పది మీటర్లు దూకే పిల్లని తొమ్మిది మీటర్ల బోర్డు నుంచి దూకిస్తే ఇసుక అంచు మీద పడుతుంది, ఏడు మీటర్ల బోర్డు పెట్టమని గట్టిగా అడుగు, పెట్టకపోతే దూకించకు. గాల్లో ఉన్న రెండో కాలు నేలకి రాసుకుంటే ఫౌల్ కాదు, లోకల్ మీట్లలో ఇంకా దానికి ఎర్ర జెండా ఎత్తేవాళ్లు ఉన్నారు, రూల్ బుక్‌లో ఆ పేజీ ఫోన్‌లో పెట్టుకుని మర్యాదగా చూపించు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో ఎల్దోస్ పాల్ 17.03తో బంగారం, అబ్దుల్లా అబూబకర్ 17.02తో వెండి, ఇద్దరూ మనవాళ్లే. ఆ ఒక్క సెంటీమీటరు కథ పిల్లలకి చెప్పు, రన్నప్ గుర్తు ఎందుకంత జాగ్రత్తగా పెట్టుకోవాలో వాళ్లకే అర్థమవుతుంది. వయసు తగ్గించి సర్టిఫికెట్ తెస్తాం అనే తల్లిదండ్రులు వస్తారు, ఒక్కరికి ఒప్పుకున్నావా నీ టీమ్ మొత్తం మీద ఆ మచ్చ ఉంటుంది.

చివరిగా ఆ పిల్ల వాళ్ల నాన్న మాట. పదో తరగతి అవగానే కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసేస్తానని అంటున్నాడన్నావు. ఆయన్ని తప్పుపట్టకు, మన రెండు జిల్లాల్లో ప్రతి తండ్రి గుండెల్లో ఉన్న భయమే అది. ఆటా చదువా అని ఆయన ముందు పందెం పెట్టొద్దు. ఈ రెండేళ్లలో వారానికి ఐదు రోజులు, పొద్దున గంటన్నర చాలు, మార్కులు తగ్గితే ఆ గంటన్నరలో నేనే కోత పెడతానని నువ్వు ముందే చెప్పు. పద్దెనిమిది, ఇరవై దాటాకే ఈ ఆటలో అసలు దూరం వస్తుంది. ఇంటర్‌లో కూడా వారానికి రెండు రోజులు ట్రాక్ మీదకి పంపే కాలేజీ చూడమను, వెతికితే దొరుకుతాయి. ఆయనకి నా నంబర్ ఇవ్వు, ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.